పాయింటు నాలుగు

కోలారు పుస్తక మిత్రులు ఆదివారం సభలో మాట్లాడమని ఇచ్చిన నవలను ఉమేశ్ రెండుసార్లు చదివాడు. సముద్రం వేడెక్కడాన్ని ముప్పయ్యేళ్లు కొలిచిన ఒక శాస్త్రవేత్త కథ అది. తుఫానులో ఒక నెల లెక్కలు కొట్టుకుపోతాయి. ఖాళీ కనబడితే ఎగతాళి చేసేవాళ్లకు సందు దొరుకుతుందని ఆమె తన అంచనానే కొలతగా రాసేస్తుంది. అది బయటపడుతుంది. ఇక సముద్రం వేడెక్కుతోందన్న ఆమె హెచ్చరికను ఎవరూ నమ్మరు.

"క్షమించరాని తప్పు" అని కాగితం మీద రాసుకున్నాడు. ఆ తరువాత నాలుగు రోజులు ఒక్క వాక్యమూ సాగలేదు.

గౌనిపల్లి పక్క ఊళ్లో అతను బడిపంతులు. పద్నాలుగేళ్లుగా రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు బడి ఆవరణలోని రెయిన్ గేజిలో నీళ్లు కొలిచి, ఆ అంకెను కోలారులోని వాన లెక్కల ఆఫీసుకు పంపుతాడు. ఒక్కరోజు కూడా ఖాళీ వదల్లేదన్నది అతని గర్వం. అయితే మూడేళ్ల కిందట మాస్తిలో పెళ్లికి వెళ్లి వచ్చేసరికి గేజి పక్కకు ఒరిగి, నీళ్లన్నీ ఒలికిపోయి ఉన్నాయి. ఎదురింటి రైతు ఆవులప్పను అడిగి ఏదో అంకె వేశాడు.

ఐదో రోజు ఉదయం మామిడితోటలో కాయలు దించుతున్న ఆవులప్ప దగ్గరికి వెళ్లాడు.

"నేను పెండ్లికి పోయినప్పుడు పడిన వాన గుర్తుండాదా అన్నా?"

"ఉండకేం? పారతో తవ్వి చూసినాను. జానెడు తడిసిండె. దున్నేదానికి సరిపడా ఒక పదును వాన అని నీకు చెప్తిని కదప్పా."

"ఇరవైరెండు పాయింటు నాలుగు మిల్లీమీటర్లు అని రాసినాను."

ఆవులప్ప పకపకా నవ్వాడు. "ఇరవైరెండు సరే. ఆ పాయింటు నాలుగు యాడ దొరికింది మేష్ట్రే? నా పారకు అంత చదువు లేదే!"

ఉమేశ్ నవ్వబోయి ఆగిపోయాడు. ఇరవైరెండు వట్టి ఊహ. పాయింటు నాలుగు మాత్రం కొలిచినట్టు కనబడాలని వేసింది. అది రాసినప్పుడు మనసుకు కలిగిన నెమ్మది కూడా ఇప్పుడు జ్ఞాపకం వచ్చింది.

"ఆఫీసుకు చెప్పేస్తాను."

"ఎప్పుడో ఇంకిపోయిన వానప్పా అది! ఇంగ మిగిలిన దినాల లెక్కలు ఎవరు నమ్ముతారు? ఊరికే ఉండరాదా?"

అతని భయమూ అదే. అయినా అక్కడే నిలబడి ఫోన్ చేశాడు. ఆఫీసులో లెక్కలు చూసే దీపశ్రీ అంతా విని అడిగింది: "ఆ ఒక్కరోజేనా సార్?"

"ఒక్కరోజేనమ్మా."

నిజమే చెప్పాడు. అది ఎంత బలహీనంగా వినిపించిందో అతనికే తెలిసింది.

"ఆ తేదీ తీసేస్తాను. మిగతావీ చూడాల్సి వస్తుంది. మీ లెక్కల పుస్తకాలన్నీ తెస్తారా?"

"తెస్తాను."

ఆదివారం సభలో, ఆ శాస్త్రవేత్త చేసింది తప్పేనన్నాడు. ఎందుకు చేసిందో చెప్పడానికి తన సంగతే చెప్పాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముందు వరుసలో బచ్చప్ప అనే పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "అయితే మీ తక్కిన లెక్కలు..." అని మొహమాటంతో ఆగిపోయాడు.

"అడగండప్పా," అన్నాడు ఉమేశ్, కూర్చోకుండా.