అక్క నోట్లో చెంచా

అక్క పొద్దున్నే కాఫీ తాగుతుంది. రెండు వీధుల అవతల ఉన్న చెల్లెలికి ఆ రుచి తెలుస్తుంది. తెలియగానే అక్క ఫోన్ మోగుతుంది.

"ఇవాళ పంచదార ఎక్కువేశావే."

"కుదిరింది తాగు. వంకలు పెట్టకు."

చిన్నప్పటి నుంచీ ఇంతే. అక్క ఏం తిన్నా దాని రుచి చెల్లెలి నాలుక మీదికి వస్తుంది. కడుపు మాత్రం ఎవరిది వాళ్లే నింపుకోవాలి. పెద్దదానికి కషాయం పోస్తే చిన్నది మొహం చిట్లించేది. వాళ్లమ్మ ఒక్క చాక్లెట్ కొని ఇద్దరికీ సరిపెట్టేసేది. చెల్లెలు తిన్నదాని రుచి మాత్రం అక్కకి ఏనాడూ చేరలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఏ ఇంట్లో మాత్రం పెద్దపిల్లకి అన్నీ దక్కాయి గనక?

చెల్లెలు ఒక ఆఫీసు క్యాంటీన్లో వంట చేస్తుంది. ఊళ్లో పెద్ద హోటల్లో వంటింటి పెత్తనానికి మనిషి కావాలంటే ఇప్పటికి మూడుసార్లు వెళ్లొచ్చింది. ప్రతిసారీ ఆ యజమానురాలు "చెయ్యి మంచిదే, కొత్తదనం లేదమ్మా" అని పంపేసింది. మళ్లీ పిలిచారు. ఈసారీ కాదంటే గరిట అవతల పారేసి, ఫోన్ల కొట్లో కౌంటర్ దగ్గర కూర్చుంటానని ఒట్టు పెట్టుకుంది. పెట్టుకుని ఏడ్చింది కూడా.

సరిగ్గా ఆ రోజుకే అక్క దేశంలో లేదు. బావ పంపుసెట్ల డీలర్. బాగా అమ్మిన డీలర్లని కంపెనీ భార్యలతో సహా విదేశం తీసుకెళ్లింది. వెళ్తూ వెళ్తూ అక్క మాటిచ్చింది: "నీ పరీక్ష అయ్యేదాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టను. నీ నోరు శుభ్రంగా ఉండాలి."

ఆ సాయంత్రం కంపెనీ వాళ్లు పేరున్న థాయ్ రెస్టారెంటులో విందు ఇచ్చారు. తలుపు తియ్యడానికే ఇద్దరు మనుషులు. బల్ల మీద నీళ్లగిన్నెలో తేలే దీపాలు, గులాబీల్లా చెక్కిన క్యారెట్లు. బావ ఒక గులాబీని రుమాల్లో చుట్టి జేబులో వేసుకున్నాడు, ఇంటికెళ్లాక కూతురికి చూపించాలట.

అక్కకి పొద్దుటి నుంచీ పస్తు. ముందుకి సూపు వచ్చింది. తెల్లటి కొబ్బరిపాలు, మీద ఎర్రటి నూనె చుక్కలు. వాసనకే ప్రాణం లేచొచ్చింది.

"ఏవండీ, ఇంటి దగ్గర ఇప్పుడు టైమెంత?"

బావ వాచీ చూసుకుని వేళ్లు మడిచాడు. "దాని పరీక్ష ఎప్పుడో అయిపోయుంటుంది. తిను తిను."

వెనక్కి లెక్కెయ్యాల్సింది ముందుకి లెక్కేశాడు మహానుభావుడు. పంపుసెట్లు మాత్రం బ్రహ్మాండంగా అమ్ముతాడు.

మొదటి చెంచాకి పులుపు, వెనకే కారం, ఆ వెనక కమ్మదనం. అక్కకి ఒళ్లు పులకరించింది. రెండో చెంచా నోట్లో ఉండగానే ఫోన్ మోగింది.

"ఏమైందే? ఉద్యోగం ఇచ్చారా?"

"ఇంకా పొయ్యి ముందే ఉన్నానక్కా."

అక్క చెంచా కింద పడేసింది. ఆవిడ చూసిన చూపుకి బావ వాచీని చొక్కా చేతికింద దాచుకున్నాడు. "కొంప ముంచానే. ఉండు, ఉమ్మేస్తాను."

"ఉమ్మావంటే చంపేస్తాను. యజమానురాలు తను ఇంతవరకు తిననిది వండమంది. ఏమీ తోచక ఇందాకట్నుంచీ ఊరికే ఉల్లిపాయలు తరుగుతున్నాను. ఇంకో చెంచా తిను. మెల్లిగా. కొబ్బరి, మిరపకాయ తెలిశాయి. అడుగున ఏదో ఆకుంది, ఏంటది?"

అక్క వంటావిడని పిలిపించింది. బావ తన వచ్చీరాని ఇంగ్లీషులో సంగతంతా చెప్పాడు. ఈవిడ తింటే అక్కడ వాళ్ల చెల్లెలికి రుచి తెలుస్తుంది, ఆ అమ్మాయి ఇప్పుడు వండుతోంది అని.

వంటావిడ తలూపింది. "మరి అన్నీ కలిపి తినిపిస్తే ఎలా? విడివిడిగా పెట్టాలి" అని లోపలికి వెళ్లి, ఆకులూ కాడలూ దుంపలూ ఒక పళ్లెంలో సర్దుకొచ్చింది. అక్క ఒక్కొక్కటే నమిలింది.

"ఈ నిమ్మగడ్డి తెలుసు," అంది ఫోన్లో చెల్లెలు. "ఇక్కడ దోమలకని కుండీల్లో పెంచుతున్నారు. ఈ ఆకు నిమ్మాకులా ఉంది. అది అల్లమా?"

"అల్లానికి మేనత్తలా ఉంది."

"ఉన్న అల్లంతో కానిస్తాను. ఉంటానే."

ఆ తర్వాత వచ్చిన పళ్లేలు వచ్చినట్టే చల్లారిపోయాయి. అక్క ఏదీ ముట్టలేదు. మిగతా డీలర్లు కూడా మర్యాదకి తినడం ఆపేసి, చేతులు కడుక్కుని కూర్చున్నారు. వంటావిడ గుమ్మంలోనే నిలబడిపోయింది. చాలాసేపటికి ఫోన్ మోగింది.

"గిన్నె నాకేసిందక్కా ఆవిడ. రేపట్నుంచి వంటిల్లు నాదే."

బావ జేబులోంచి క్యారెట్ గులాబీ తీసి వంటావిడ చేతిలో పెట్టాడు. తోచింది అదే పాపం. అక్క ఏడుస్తూ, నవ్వుతూ, చల్లారిన పళ్లేలన్నీ ఖాళీ చేసింది.

మర్నాడు విమానాశ్రయంలో సామాను పక్కన కూర్చుని ఉండగా, నోట్లో ఏమీ లేకుండానే అక్క నాలుక మీద వేడివేడిగా ఒక రుచి దిగింది. నిన్నటి సూపే, కానీ అది కాదు. అల్లం ముందుంది, పులుపు తగ్గి నిలబడింది. అది చెల్లెలి చేతి వంట. ఇన్నేళ్లలో మొదటిసారి అటునుంచి వచ్చింది. అక్కకి కళ్లు నిండిపోయాయి. గబగబా ఫోన్ చేసింది.

"ఉప్పు ఒక్క రవ్వ తక్కువైందే."

అవతల గరిట చప్పుడు ఆగిపోయింది. మళ్లీ మొదలైంది.

"వేశానక్కా," అంది చెల్లెలు. "ఇప్పుడు చెప్పు."