ఎర్ర దీపమూ ముప్ఫై రెండు బొంతలూ

ఆ ఎర్ర దీపాన్ని చూస్తే నాకు ఒళ్లు మండిపోయింది. చూడబోతే ఆవగింజంత. నా ఇంట్లో, నా సందుగ మీద, నా ముప్ఫై రెండు బొంతల దొంతర నెత్తిన కూర్చుని నన్నే వెక్కిరిస్తున్నట్టు వెలుగుతూ ఆరుతూ ఉంది. అదీ ఏ రోజున? మా కోడలు జిబెక్ పరీక్ష రోజున!

పరీక్ష అంటే కాగితం మీద రాసేది కాదు. పశువైద్యం చదువంతా అయ్యాక, తను రాసిన పుస్తకం గురించి పెద్దవాళ్ల ముందు మాట్లాడి, వాళ్లడిగిన ప్రశ్నలకు జవాబులు చెప్పాలి. మామూలుగా అయితే దానికి రాజధాని బిష్కెక్ వెళ్లాలి. నాలుగు రోజులుగా మంచు పడి దారిలోని డోలోన్ కనుమ మూసేశారు. కాలేజీవాళ్లు దయతలచి, ఇంట్లోనే కూర్చుని కంప్యూటరు తెర మీద కనబడి చెప్పమన్నారు. సరిగ్గా మధ్యాహ్నం రెండు గంటలకు. పది నిమిషాలు దాటితే మళ్లీ వచ్చే ఏడాదే. వచ్చే ఏడాదికి మా వైపు ఖాళీగా ఉన్న పశువుల డాక్టరు ఉద్యోగం ఇంకెవరికో పోతుంది.

నిజం చెప్పాలంటే ఆ చదువు ఏనాడో పూర్తయ్యేది. కానివ్వనిది నేనే. జిబెక్ మూడో ఏడు చదువుతుండగా మా అబ్బాయి ఎర్మెక్‌ని చేసుకుని ఈ ఇంటికొచ్చింది. "ఒక్క ఏడాది ఇంట్లో ఉండి వచ్చేపోయేవాళ్లకి టీ పొయ్యడం నేర్చుకో, తర్వాత చదువుకుందువులే" అన్నాను. ఆ ఒక్క ఏడాది నాలుగేళ్లయింది. ఆ పిల్ల ఒక్కనాడూ నోరు తెరిచి అడగలేదు. అడగలేదు కాబట్టి అక్కర్లేదేమో అనుకున్నాను. అట్లా అనుకోవడం నాకు హాయిగా ఉండేది మరి.

రెండేళ్ల కిందట మా ఆవు ఈనలేక పడిపోతే, మోచేతి దాకా చెయ్యి పెట్టి దూడని తిప్పి బయటికి తీసింది. ఆ రోజే "పోయి చదువు పూర్తి చెయ్యవే" అని నేనే తరిమాను. అందుకే ఈ పరీక్ష ఆమెది ఎంతో నాదీ అంతే.

ఆ రోజు పొద్దున పదకొండింటికి కంప్యూటరు తెరిచి, "అత్తయ్యా, ఇంటర్నెట్ రావట్లేదు" అంది.

"ఏం కదిలించావో ఏమో! ఊడ్చేటప్పుడు చీపురు తగిలించి ఉంటావు."

"నేను ముట్టుకోలేదత్తయ్యా."

"అయితే నేను ముట్టుకున్నానా?" అని గయ్యిమన్నాను. ఆమె తల దించుకుంది. మా ఎర్మెక్ ఉంటే ఏదో ఒకటి చేసేవాడు. వాడు చలికాలమంతా గొర్రెలతో కొండ కింద దొడ్డి దగ్గరే ఉంటాడు. స్కూల్లో ఇంటర్నెట్ ఉంది, కానీ సెలవులని తాళం వేసుకుని హెడ్మాస్టరు కనుమ అవతలికి పోయాడు.

నాకు తెలిసిన వైద్యం నేను చేశాను. ఇంటర్నెట్ పెట్టె ప్లగ్గు పీకాను, మళ్లీ పెట్టాను. మూడుసార్లు. ఎర్రది ఆరితే ఒట్టు.

ఇంతలో గోడవతల నుంచి పక్కింటి కలీచా కేక. "జూరా! మీ వైఫై ఏమైందే? సీరియల్లో పెళ్లికూతురు నోరు తెరిచి అట్లాగే ఉండిపోయింది!"

"మా వైఫై ఆగితే నీ పెళ్లికూతురు ఎందుకు ఆగాలి?"

"పాస్‌వర్డు నువ్వే కదా చెప్పావు! కాస్త వాడుకుంటే అరిగిపోతుందా?"

"సిగ్గు లేకపోతే సరి! లోపలికి పో, నా తల తినకు."

మా ఊళ్లో ఫోను మాట్లాడాలంటే వంటగది కిటికీ అంచున నిలబడాలి. అక్కడా మాటలే వస్తాయి, బొమ్మలు రావు. జిబెక్‌ని కాగితాలు చూసుకోమని కసిరి, ఇంటర్నెట్ కంపెనీకి నేనే ఫోను చేశాను. ఎవరో చిన్నపిల్ల ఎత్తింది. పేరు చొల్పోన్ అంది.

"అమ్మా, పెట్టె మీద ఏయే లైట్లు వెలుగుతున్నాయో చెప్తారా?"

"ఎర్రది వెలుగుతోంది. ముందు దాన్ని ఆర్పు."

"ఇక్కణ్నుంచి నేను ఆర్పలేనమ్మా."

"మరి ఇంకెందుకమ్మా నువ్వక్కడ?"

పాపం, ఆ పిల్లకి కోపం రాలేదు. నాకైతే వచ్చేది. "పై నుంచి ఒక్కొక్కటీ చూసి చెప్పండమ్మా" అంది. ఫోను కిటికీ దగ్గర, పెట్టె ముందుగదిలో. నా మోకాళ్ల సంగతి అల్లాకే తెలుసు. అయినా పరిగెత్తుకెళ్లి చూడటం, పరిగెత్తుకొచ్చి చెప్పడం.

"మొదటిది పచ్చగా ఉంది."

"అది కరెంటు. బాగానే ఉంది. రెండోది?"

మళ్లీ పరుగు. "ఆరిపోయింది. మూడోది ఎర్రది, అదే నా ప్రాణం తీస్తోంది. నాలుగోదీ ఆరిపోయింది. అడుగునున్నది మాత్రం మిణుకుమిణుకుమంటోంది. పాడైంది అదేగా? అది అట్లా కొట్టుకున్నప్పుడల్లా నేను ప్లగ్గు పీకేస్తుంటాను."

"అయ్యో, అది మిణకాలమ్మా! అది మీ ఇంట్లో వైఫై. పెట్టెకీ మీ ఫోనుకీ మధ్య మాటలు నడుస్తున్నాయని దానర్థం."

ఏడాదిగా బాగున్న దీపాన్ని పట్టుకుని శిక్షిస్తున్నానన్నమాట. "ఫోన్లో గీతలన్నీ నిండుగానే ఉన్నాయే తల్లీ. మరి ఏమీ రాదేం?"

"ఆ గీతలు ఇంట్లో వరకేనమ్మా. బయటి నుంచి పెట్టెలోకి వస్తోందా లేదా అని చెప్పేది రెండోది. అది కదలకుండా పచ్చగా వెలగాలి. మిణికితే దారి వెతుక్కుంటోందని. అది ఆరిపోయి ఎర్రది వెలిగితే దారిలో ఎక్కడో వెలుగు ఆగిపోయిందని."

"వైర్లో వెలుగేమిటే?"

"మీ ఇంటికొచ్చే వైరులో వెంట్రుకంత గాజు పోగు ఉంటుందమ్మా. అంతా అందులోంచి వెలుగై వస్తుంది. పోగు తెగినా, గట్టిగా మడతపడ్డా రాదు. మనిషిని పంపిస్తాను. మంచు తగ్గాలి కాబట్టి ఎల్లుండి..."

"ఎల్లుండా! నా కోడలికి రెండింటికి పరీక్ష!" గడియారం చూస్తే పన్నెండున్నర.

"ఎప్పట్నుంచి ఇట్లా అవుతోందమ్మా? రోజూనా?"

రోజూ కాదు. ఆలోచించాను. పోయిన ఆదివారం వియ్యాలవారు వచ్చినప్పుడు బ్రహ్మాండంగా వచ్చింది. మగాళ్లంతా గుర్రాల పోటీ చూస్తూ పైకప్పు ఎగిరిపోయేలా అరిచారు. సోమవారం ఎర్ర దీపం. బుధవారం దాకా అంతే. నిన్న దానంతటదే బాగైంది. ఈ పొద్దున మళ్లీ ఎర్ర దీపం. ఆదివారం ఏం జరిగింది? చుట్టాలు కూర్చోవాలని బొంతలన్నీ దించి గదినిండా పరిచాం. సోమవారం దొంతర పెట్టాం. నిన్న బొంతలన్నీ బయట మంచు మీద పరిచి కర్రలతో దులిపాం. రాత్రంతా అవి గదిలో నేల మీదే ఉన్నాయి. ఈ పొద్దున...

ఈ పొద్దున నేనే, నా చేతులతోనే, ముప్ఫై రెండూ సందుగ మీద పేర్చాను. మా దగ్గర ఇంటి పరువు ఆ దొంతరలో ఉంటుంది. వచ్చిన ఆడవాళ్లు టీ తాగుతూ కళ్లతోనే లెక్కపెడతారు. తెర మీద జిబెక్ వెనకాల ఆ దొంతర కనబడాలి, కాలేజీవాళ్లు "ఎవరింటి కోడలో!" అనుకోవాలి అని నా తాపత్రయం. కంపెనీ మనిషి ఆ పెట్టెని కిటికీ పక్క గోడకి కొట్టి పోతే, అంత విలువైన వస్తువు మూలన వేలాడటమేమిటని ఈ సోమవారమే ఊడదీసి గదిలో పెద్దపీట వేసిందీ నేనే. దొంతర మీద పెట్టి, కుట్టుపని చేసిన గుడ్డ కప్పి, చూడ్డానికి బాగుండదని వైరుని దొంతర వెనక్కి తోసింది కూడా నేనే.

"చొల్పోన్ తల్లీ, ముప్ఫై రెండు బొంతలు మీద పడితే ఆ గాజు పోగు ఏమవుతుంది?"

"ముప్ఫై రెండా అమ్మా?"

ఫోను పెట్టేశాను. పరిగెత్తి వెళ్లి పైనున్న పెట్టెని ఆ గది కిటికీ గట్టు మీద పెట్టి బొంతలు లాగడం మొదలెట్టాను. జిబెక్ కాగితాలు వదిలేసి వచ్చింది. "అత్తయ్యా, దొంతర ఎందుకు పడగొడుతున్నారు?"

"ఎందుకేమిటి, పట్టుకో!"

బొంత మీద బొంత నేల మీద పడింది. ధూళి లేచింది. ముప్ఫై రెండోది కూడా పడింది. వెళ్లి చూశాను. ఎర్ర దీపం అట్లాగే ఉంది. ఒంటిగంటా ఇరవై అయింది. బొంతల గుట్ట మీద కూలబడ్డాను.

అప్పుడు జిబెక్ అంది, "అత్తయ్యా, ఇది చూడండి."

సందుగకి పక్కన ఇనుప కడియం ఉంటుంది. పొడుగు వైరు కనబడకూడదని దాని చుట్టూ నాలుగు చుట్లు చుట్టి పెట్టాను, ఈ పొద్దున తెర మీద కనబడుతుందేమోనని ఇంకా బిగించాను. మా అమ్మ మూట కట్టినంత గట్టిగా. సోమవారం నుంచీ బొంతల బరువు ఆ చుట్ల మీదే పడుతూ వచ్చింది. చెయ్యి చాపాను గానీ మళ్లీ వెనక్కి తీసుకున్నాను. నా వేళ్లు లావు.

"నువ్వు విప్పు. దూడకి బొడ్డుతాడు మెడకి చుట్టుకుంటే ఎట్లా విప్పుతావో అట్లా విప్పు."

ఆమె మోకాళ్ల మీద కూర్చుంది. ఒక్కో చుట్టూ వదులు చేసి, లాగకుండా, మెల్లగా తీసింది. వైరు నేల మీద వదులుగా, పెద్ద సున్నాలా పరుచుకుంది. ఇద్దరం పెట్టె వైపు తిరిగాం.

ఎర్రది ఆరిపోయింది. రెండోది మిణికింది. ఇంకా మిణుకుతూనే ఉంది.

"దారి వెతుక్కుంటోంది" అన్నాను, ఏదో పుట్టినప్పట్నుంచీ నాకు తెలిసిన విద్య అయినట్టు. అని ఊరుకోలేకపోయాను. "జిబెక్, పొద్దున నిన్ను తిట్టాను. నీ చీపురు కాదు, నా బొంతలే. ఆ నాలుగేళ్లు కూడా అంతే. నిన్ను ఆపింది నేనే. తప్పు నాది."

ఆమె నా వైపు చూసింది. కళ్లనిండా నీళ్లు. "ఇప్పుడు ఏడిపించకండి అత్తయ్యా, కాటుక చెదిరిపోతుంది" అంది.

రెండో దీపం కదలకుండా నిలబడింది. పచ్చగా! దాని వెంటే నాలుగోదీ పచ్చబడింది. అడుగుది మిణుకుమిణుకుమంటోంది, మిణకనీ, దాని కడుపు చల్లగా! నేను అరిచిన అరుపుకి బయట కుక్క మొరిగింది. గోడవతల నుంచి అంతకంటే పెద్ద అరుపు.

"జూరా! పెళ్లికూతురు మాట్లాడుతోందే!"

"ఫోను ఆపెయ్యవే! నా కోడలి పరీక్ష అయ్యేదాకా ముట్టుకున్నావంటే నీ జుట్టు నా చేతిలో ఉంటుంది!"

రెండయింది. జిబెక్ తెర ముందు కూర్చుంది. ఆమె వెనకాల దొంతర లేదు, బోసి సందుగ, చిందరవందరగా బొంతలు. ఏమనుకుంటే అనుకోనీ. తెర మీద ముగ్గురు మగాళ్లు, ఒక ఆడమనిషి. నేను నేల మీద కూర్చుని రెండో దీపాన్ని రెప్పవెయ్యకుండా చూస్తున్నాను. చెవులు మాత్రం ఆమె మీదే ఉన్నాయి. గొర్రె కడుపులో పిల్ల అడ్డం తిరిగితే ఏం చెయ్యాలో చెబుతోంది. నా ఇంట్లో గట్టిగా ఒక్క మాట మాట్లాడని పిల్ల, నలుగురు పెద్దవాళ్లు అడ్డం పొడుగూ ప్రశ్నలేస్తుంటే తడుముకోకుండా ఎదురు చెబుతోంది. నాకు భయమూ వేసింది, గర్వమూ కలిగింది.

ముసలాయన ఒకాయన అడిగాడు. "కాలు వెనక్కి మడిచి ఉన్నప్పుడు పిల్ల గిట్టని అరచేత్తో కప్పి తిప్పాలని రాశావు. ఇది మన పుస్తకాల్లో లేదే. ఎక్కడ నేర్చుకున్నావమ్మా?"

"మా అత్తయ్య చేస్తుంటే చూశానండీ. ముప్ఫై ఏళ్లుగా ఆవిడ గొర్రెలకి అట్లాగే చేస్తున్నారు. ఒక్క తల్లికీ లోపల గాయం కాలేదు."

రెండో దీపం నా కళ్లలో మసకబడిపోయింది. దీపం తప్పు కాదది.

వాళ్లు తమలో తాము మాట్లాడుకోవడానికి పది నిమిషాలు తీసుకున్నారు. మళ్లీ వచ్చి ఆ ముసలాయన లేచి నిలబడ్డాడు. అందరికంటే పై మార్కులని చెప్పి, "అభినందనలు, డాక్టరు గారూ" అన్నాడు. డాక్టరు గారూ అన్నాడు! నేను ఏం అరిచానో నాకు గుర్తులేదు. తెరలో ఆ నలుగురూ ఉలిక్కిపడి నవ్వడం మాత్రం గుర్తుంది.

జిబెక్ నా మెడ పట్టుకుని ఏడుస్తుండగానే తలుపు దబదబా మోగింది. కలీచా. తలగుడ్డ జారిపోయి, చేతులు నెత్తురుతో ఉన్నాయి.

"అయిందా పరీక్ష? నేను సీరియల్ ఆపిన దగ్గర్నుంచీ మా ఆవు నొప్పులు పడుతోందే. దూడ రావట్లేదు. రెండింటి నుంచీ గోడ దగ్గర నిలబడి చూస్తున్నా, మధ్యలో రాకూడదని."

"ఏమే పిచ్చిదానా, పిలవాల్సింది!" అన్నాను.

జిబెక్ అప్పటికే బూట్లు వేసుకుంటోంది. మా దగ్గర కోడలు అత్త వెనకాల నడుస్తుంది, చేతిలో ఏదుంటే అది తనే మోస్తుంది. ఇన్నేళ్లూ అట్లాగే నడిచింది కూడా. ఆమె మందుల సంచీ తలుపు పక్కన ఉంటే నేను తీసి భుజాన వేసుకున్నాను. ఆమె చెయ్యి చాపింది. ఇవ్వలేదు.

"నడువు, నడువు. చేతులు ఖాళీగా ఉంచుకో, నీకు పనుంది."

వీధిలోకి వచ్చాం. మోకాళ్ల లోతు మంచు. జిబెక్ ముందు, నేను వెనక. మంచు ఎత్తిపోస్తున్న ఎదురింటివాళ్లు పారలు ఆపి చూశారు.

కలీచా నోరు ఊరుకుంటుందా? "ఏంటి జూరా, కోడలి సంచీ నువ్వు మోస్తున్నావా?"

"కోడలిది కాదే" అన్నాను, వీధి చివరిదాకా వినబడేట్టు. "డాక్టరు గారిది. దారివ్వు."