నడుముకు కట్టే కిడ్నీ

ఇత్తడి కుళాయిలు పోతపోసే కార్ఖానాలో, కొలిమి పక్కన ఫోను మోగింది. పోతపనివాడు చెమట చేతుల్తోనే ఎత్తాడు. విని, సాన దగ్గరున్న పెళ్లాం వైపు పరుగెత్తాడు.

"ఆస్పత్రి నుంచే! నడుముకు కట్టే కిడ్నీకి నన్ను ఎంచుకున్నారట. కొత్తగా పరీక్షిస్తున్నారు కదా, అదే. రేపు పొద్దున్నే కడతారు!"

"బెల్టులాగానా?"

"బెల్టే. రక్తం అందులోనే శుభ్రమవుతుంది. ఇక డయాలసిస్ మంచానికి అతుక్కుపోనక్కర్లేదు."

పెళ్లయిన దగ్గర్నుంచి ఇద్దరూ కలిసి బజారుకైనా వెళ్లింది లేదు. డయాలసిస్ రోజు కాకపోతే నీరసం రోజు. ఆమె ఇత్తడి పొడి అంటిన వేలితో అతని ముక్కు మీద చుక్క పెట్టింది.

"సైకిలెక్కించుకుని ఊరంతా తిప్పాలి నన్ను. నడుం మాత్రం పట్టుకోనులే, నీ కిడ్నీకి చక్కిలిగింతలు పుడతాయి!"

సాయంత్రం గేటు దగ్గర వరస కట్టారు. పనివాళ్లు ఇత్తడి ముక్కలు నడుముకు కట్టుకుపోతారని యజమానికి అనుమానం. అందుకే బయటికెళ్లే ప్రతివాళ్లూ చేతులెత్తాలి. కాపలావాడు నడుం మీద కర్రతో కొట్టి చప్పుడు వింటాడు. వాణ్ణి అందరూ గంటన్న అంటారు.

"గంటన్నా, ఇవాళ కొట్టు. బెల్టు కట్టుకొచ్చాక మాత్రం నా నడుం జోలికి రాకు. దెబ్బ తగిలితే గొట్టం ఊడి ప్రాణం పోతుంది."

"కిడ్నీ పెట్టుకొస్తావో, కుళాయి పెట్టుకుపోతావో ఎవడికెరుక? ఎత్తు చేతులు!"

"అది కాదన్నా..."

మొదటి దెబ్బ నడుం మీద పడింది. రెండోది పక్కటెముకల మీద. అతను ఒరిగి గేటు ఇనుప అంచుకు కొట్టుకున్నాడు. పెదవి చీలింది. డయాలసిస్ గొట్టం దిగిన చోట, మెడ మీది కట్టు ఎర్రబడింది. కిందపడ్డ మనిషి మీదికి గంటన్న మళ్లీ కర్ర లేపాడు.

ఆమె ఆ చెయ్యి కొరికింది. వాడు జుట్టు పట్టి తల గోడకేసి కొట్టినా వదల్లేదు. కర్ర జారగానే అందుకుని వాడి మోకాలి మీద ఒక్కటేసింది. వాడు కూలబడ్డాడు.

మేడమీద కిటికీలోంచి మేనేజరు అరిచాడు. "బెల్టయినా ఇంకోటయినా గేటు దగ్గర విప్పి చూపించాల్సిందే!"

"విప్పితే మనిషి పోతాడు సారూ!" ఆమె కేకేసింది.

కిటికీ మూసుకుంది.

కొంగు మడిచి మొగుడి మెడకు అదిమి పట్టి, ఆమె వరస వైపు చూసింది. అందరి చేతులూ ఇంకా గాల్లోనే ఉన్నాయి.

"రేపు పొద్దున ఇతన్ని ఆస్పత్రిలో దింపి పనికొస్తా," అంది. నోట్లోని రక్తం ఉమ్మేసింది. "సాయంత్రం ఈ వరసలో అందరికంటే ముందు నిలబడతా. చేతులు మాత్రం ఎత్తను."