తీగ కింది ఖాళీ

ఏసుపాదం మాస్టారు చర్చిలో ఉండే గిటారు వాయించడం మొదలుపెట్టి రెండేళ్లయింది. ఆ రెండేళ్లలో ఎఫ్ అనే తీగల పట్టు ఒక్కసారి కూడా ఆయన చేతిలో సవ్యంగా పలకలేదు. మిగతా పట్లన్నీ మాట వింటాయి. ఎఫ్‌కి మాత్రం చూపుడువేలిని ఆరు తీగల మీదా అడ్డంగా పరిచి అదిమి పట్టాలి. పట్టేవాడు. మూడు తీగలు మూగబోయేవి, నాలుగోది రేకు మీద గోటితో గీసినట్టు గీరుమనేది. వెంటనే ఆయన గిటారు మెడవైపు కోపంగా చూసేవాడు. ఆ చూపు గిటారు కోసం కాదు, ఎదురుగా కూర్చున్న సంఘం కోసం. తప్పెవరిదో వాళ్లకి తెలియాలి కదా.

"తీగలు బాగా ఎత్తున ఉన్నాయండి," అని ఆరాధన అయ్యాక అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేవాడు. రేపల్లెలో వాళ్ల చర్చికి వచ్చేవాళ్లలో ఈ సంగతి తెలియనివారు లేరు.

ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారం మూడు వారాలుందనగా గాయకబృందం పెద్ద దేవకుమారి ఈ వ్యవహారాన్ని చేతిలోకి తీసుకుంది. ఆవిడ స్టాఫ్ నర్సుగా ముప్ఫై ఆరేళ్లు పనిచేసి రిటైరైన మనిషి. ఒళ్లు కాలిపోతోందని ఎవరెంత మూలిగినా, థర్మామీటరు చూడకుండా నమ్మే అలవాటు లేదు. మట్టల ఆదివారం పాడే పాటలో అడుగడుగునా ఎఫ్ ఉంది.

"ఎత్తెంతో కొలిచి చెప్పండి తమ్ముడూ," అంది. "ఎక్కువుంటే గిటారుని విజయవాడ పంపించి బాగుచేయిద్దాం. సరిగానే ఉంటే మటుకు ఆ రోజుకి గిటారు దగ్గర సుజన కూర్చుంటుంది."

సుజన మండలాఫీసులో ఉద్యోగం చేస్తుంది, బుధవారం సాధనకి వచ్చి వెనక వరసలో పాడుతుంది. ఆ అమ్మాయి గిటారు పట్టుకోగా మాస్టారు ఎప్పుడూ చూడలేదు. అయినా సంతోషంగానే ఒప్పుకున్నాడు. ఆయన హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాడు, కొలతంటే తన ఇంటి సంగతి. గిటార్ల షాపుకి ఫోన్ చేసి కనుక్కున్నాడు. మెడ మీద అడ్డంగా బిగించిన కమ్మీల్లో పన్నెండోదాని మీద, లావు తీగకింద రెండు నుంచి రెండున్నర మిల్లీమీటర్ల ఖాళీ ఉంటే సరిపోతుందట. మూడు దాటితే తీగ ఎత్తున్నట్టేనట. మూడు రావాలి, అని ఆయన పైకి అనుకోలేదు. కానీ ఆ క్షణం నుంచి మూడు అనే అంకెతో ఆయనకొక చుట్టరికం కలిసింది.

పనిముట్టు ఏదన్నదే ప్రశ్న. మొదట జామెట్రీ బాక్సులోని ప్లాస్టిక్ స్కేలు కమ్మీ మీద నిలబెట్టాడు. ఆ స్కేళ్లకి సున్నా గీతకి ముందు కాస్త ఉత్త ప్లాస్టిక్కు ఉంటుంది. తీగ సున్నాకంటే కిందే తేలింది. దాని లెక్కన ఆ తీగ గిటారు చెక్కలో కూరుకుపోయి ఉండాలి. మర్నాడు బడిలో ఉన్న పాత చెక్క స్కేలు తెచ్చాడు. మూడున్నర వచ్చింది. మనసు తేలికైపోయింది. ఆ స్కేలు కొన అరిగిపోయి మొదటి మిల్లీమీటరు ఎప్పుడో గాలిలో కలిసిపోయిందని ఆయనకి తెలియనిది కాదు. శూన్యాంశ దోషం గురించి ఏటా పదో తరగతికి చెప్పేది ఆయనే. అయినా ఆ స్కేలుని రెండు రోజులపాటు సొరుగులో దాచుకుని, ఖాళీ పీరియడ్లలో తీసి చూసుకున్నాడు. మనల్ని పొగిడే చుట్టాన్ని తొందరగా పంపించెయ్యలేం.

తరవాత ఫోన్‌లో వెతికితే సరిగ్గా ఈ పనికే చేసిన స్టీలు కార్డు ఒకటి కనబడింది. దాని గీతలు అంచు నుంచే మొదలవుతాయి, దాంతో పేచీయే లేదు. కొన్నవాళ్లు రాసిన నూట పద్నాలుగు అభిప్రాయాలూ చదివాడు. ఎవరో బెంగుళూరాయన గీతలు సన్నగా ఉన్నాయన్నాడు. అది పట్టుకుని రెండు సాయంత్రాలు ఆలోచించాడు. కొనడానికి మూడుసార్లు వేలు పెట్టి మూడుసార్లూ తీసేశాడు. రేపల్లెకి రావడానికి వారం పడుతుందిలే అని తనకి తాను చెప్పుకున్నాడు. ఎల్లుండికి వస్తుందని తెర మీద పచ్చటి అక్షరాల్లో ఉంది. ఇలా ఒక వారం గడిచిపోయింది. ఆ వారంలో ఆయన ఎంతో పని చేసినట్టు అలిసిపోయాడు.

రెండో శనివారం సెలవు. గిటారుని భుజాన వేసుకుని తెనాలి వెళ్లే బండెక్కాడు. తెనాలిలో బైకు మెకానిక్కు జగన్నాథరావు పాత పరిచయస్తుడు. ఇంజను లోపల సన్నటి సందుల్ని కొలిచే గేజి తీసి చూపించాడు. విసనకర్రలా విచ్చుకునే ఉక్కు రేకులు, ఒక్కోటి ఒక్కో మందం. తీగని కదిలించకుండా, అలాగని వదులుగానూ లేకుండా సరిపోయేదాకా రేకులు జతచేస్తూ దూర్చాలట. సరిపోయాక బయటికి తీసి, వాటి మీద చెక్కిన అంకెలు కూడుకోవాలట.

"అంటే అయ్యేదాకా అంకె తెలీదా?" అన్నాడు మాస్టారు.

"తెలిస్తే చెయ్యి ఊరుకోదు సార్," అన్నాడు జగన్నాథరావు, ఎవరి బండిదో నట్టు విప్పుతూ.

ఆ పనిముట్టు మాస్టారికి నచ్చలేదు. రేకులకి నూనె జిడ్డు ఉందని మనసులో ఒక కారణం రాసుకున్నాడు. అక్కడినుంచి బాపట్ల బండెక్కాడు. చుండూరు దాటాక ఎదుటి సీట్లో ఉన్న పెద్దావిడ, బుట్ట కాళ్లమధ్య సర్దుకుంటూ, ఒక పాట అందుకోమని అడిగింది. తీగలు ఎత్తున ఉన్నాయని చెప్పడం మొదలుపెట్టాడు. నిడుబ్రోలు వచ్చేసరికి ఆవిడ నిద్రపోయింది.

బాపట్లలో ఆయన చిన్నాన్న కూతురు కరుణ విత్తనాలు పరీక్షించే ల్యాబులో పనిచేస్తుంది. వడ్లగింజ పొడవూ వెడల్పూ అంకెల మీటరున్న కాలిపర్‌తో కొలుస్తుంది. అంతకంటే నమ్మదగ్గ పనిముట్టు ఈ మూడు ఊళ్లలో ఉండదని ఆయన నమ్మకం. గిటారు బల్లమీద పడుకోబెట్టి, కాలిపర్ తనే అందుకున్నాడు. మొదట రెండు పాయింట్ ఒకటి చూపించింది. చెయ్యి సరిగా పెట్టలేదన్నాడు. తరవాత రెండు పాయింట్ నాలుగు. గాలి తగిలిందని ఫ్యాను ఆపించాడు. అయిదోసారికి దాని దవడ తీగని మెల్లిగా పైకి ఎత్తుతోంది. రెండు పాయింట్ తొమ్మిది. "చూశావా, పెరుగుతోంది," అన్నాడు.

కరుణ కాలిపర్ ఆయన చేతిలోంచి తీసుకుని పెట్టెలో పెట్టి మూసేసింది.

"అన్నయ్యా, నీకెంత రావాలి?"

ఎంత రావాలని ఏముందీ, ఉన్నదేదో రావాలి, అన్నాడు. కరుణ తన పద్ధతి చెప్పింది. విత్తనాలు తెచ్చినవాళ్లని ముందు అదే అడుగుతుందట, నూటికి ఎన్ని మొలకెత్తుతాయనుకుంటున్నారండీ అని. తడుముకోకుండా అంకె చెప్పినవాళ్ల గింజల్ని రెండుసార్లు పరీక్షిస్తుందట. ఆ అంకె వాళ్లకి ఎంత అవసరమో అప్పుడే తెలిసిపోతుందట.

"నీ కన్ను అంకె మీదుంటే నీ చెయ్యి దాని వైపే పోతుంది. అంకె కనబడని దాంతో కొలువు. చదివేది ఇంకొకళ్లని చదవమను," అంది. తరవాత టీ తెప్పించి, ఉల్లిగారెలు పెట్టి, వదిన ఎలా ఉందని అడిగింది. ఆయన గారె తుంచి చేతిలోనే పట్టుకున్నాడు. తీగ ఎత్తు సరిగ్గా ఉంటే ఏమవుతుంది? సుజన కూర్చుంటుంది. అదేం పెద్ద సంగతి కాదు. ఈ రెండేళ్లూ గిటారువైపు చూసిన ఆ కోపపు చూపులున్నాయే, అవన్నీ ఎక్కడికి పోతాయి? అదీ ఆయన భయం. రెండేళ్ల చూపులూ వరసకట్టి తనవైపు తిరుగుతున్నట్టనిపించింది. గారె చల్లారిపోయింది.

తిరుగు ప్రయాణంలో తెనాలిలో దిగి, జగన్నాథరావు దగ్గర ఆ జిడ్డు గేజినే అడిగి తెచ్చుకున్నాడు.

బుధవారం సాధనకి అందరూ రాకముందే, చర్చి వెనక గదిలో దేవకుమారి ఎదుట మాస్టారు లావు తీగ కింద రేకులు దూర్చాడు. కళ్లు మూసుకున్నాడు. ఒక రేకు, రెండు, మూడు. తీగ వేలికి తెలిసీ తెలియనట్టు తగిలింది. ఇంకో సన్నరేకు దూరుతుందేమో, తీగ కాస్త సాగుతుందేమో అని చెయ్యి బతిమాలింది. ఆయన ఒప్పుకోలేదు. రేకులు అలాగే పట్టుకుని దేవకుమారి చేతికిచ్చాడు. ఆవిడ కళ్లజోడు సర్దుకుని, కిటికీ వెలుతురులో వాటిని ఎత్తిపట్టి, పెదాలతో కూడుకుంది.

"రెండు పాయింట్ రెండు," అంది. "దీనికి జ్వరం లేదు తమ్ముడూ."

ఆయన కళ్లు తెరిచాడు. గిటారు బల్లమీద ఏమీ ఎరగనట్టు పడుకుని ఉంది. వేళ్లే సరిగా లేవక్కా, అన్నాడు. రెండేళ్లలో ఆ మాట అనడం అదే మొదటిసారి. అనుకున్నంత నొప్పి లేకపోవడం ఆశ్చర్యంగా ఉంది. దేవకుమారి కుర్చీ లాక్కుని కూర్చుని అసలు సంగతి చెప్పింది. ఆయన రాని బుధవారాల్లో సుజన ఈ గిటారే వాయిస్తుంది, ఎఫ్ శుభ్రంగా పలుకుతుంది. ఈ సంగతి గాయకబృందంలో అందరికీ తెలుసు. ఆదివారం ఆయన చేతిలో ఎఫ్ వచ్చినప్పుడల్లా కీబోర్డు వాయించే దీపక్ చప్పుడు పెంచేస్తాడు. అది దాటగానే తగ్గించేస్తాడు.

దీపక్ తనని చూసి ఓర్వలేక అలా చేస్తున్నాడని రెండేళ్లుగా మాస్టారి నమ్మకం. ఒకసారి ఇంట్లో ఆ కుర్రాడి బుద్ధి గురించి గంటసేపు విశ్లేషించాడు కూడా. ఆ విశ్లేషణంతా ఇప్పుడు మాటమాటా గుర్తొచ్చింది.

సుజనకి చెబుతాను మరి, అంటూ దేవకుమారి లేవబోయింది. వచ్చే ఆదివారం ఒక్కటీ ఇవ్వమన్నాడు ఆయన. దీపక్ చప్పుడు పెంచకూడదు, ఎన్ని తీగలు చచ్చాయో ఆవిడే లెక్కపెట్టాలి. రెండు దాటితే తనే లేచి సుజనకి కుర్చీ ఇస్తాడు.

ఆ నాలుగు రోజులూ ఆయన గిటారువైపు చూడకుండా వాయించాడు. చూడకపోయేసరికి వినబడింది. చూపుడువేలి కణుపు దగ్గరి గీత సరిగ్గా రెండో తీగ మీద పడుతోంది. వేలిని కాస్త పక్కకి దొర్లిస్తే ఆ తీగ మాట్లాడింది. మూడోది పిలవకుండానే వచ్చింది.

ఆదివారం రెండో పాటలో ఎఫ్ వచ్చింది. దీపక్ చెయ్యి అలవాటుకొద్దీ మీటవైపు వెళ్లి, మధ్యలో ఆగి, వెనక్కొచ్చింది. అయిదు తీగలు మోగాయి. ఒకటి మూగగా ఉండిపోయింది. ఏసుపాదం గిటారు మెడవైపు చూడలేదు. ఎటు చూడాలో తెలియక పాటల పుస్తకంలోకి చూశాడు.

ఆరాధన అయ్యాక దేవకుమారి వచ్చి ఒక వేలు ఎత్తి చూపించింది.

"ఒక్కటే. మట్టల ఆదివారం మీరే కూర్చోండి. ఆ ఒక్కదానికీ దీపక్ కొంచెం పెంచుతాడులే."

"కొంచెం అంటే ఎంత పెంచుతాడంటారు?" అన్నాడు మాస్టారు.

"అది కొలవడానికి మళ్లీ బండెక్కకండి తమ్ముడూ," అంది దేవకుమారి.