ఖాళీ ఒర

పెట్రోలు బంకులో ఆ పట్నపావిడ వెర్లిన్ స్టాకర్డ్ నడుము వంకే చూస్తోంది. కుడి తుంటి మీద తోలు ఒర, అందులో రివాల్వరు. నలభై ఏళ్లుగా అది అక్కడే ఉంది.

"ఏమండీ, మీరు పోలీసా?"

"కాదమ్మా."

"మరి అది?"

"తుపాకి."

"అది కనిపిస్తూనే ఉంది. ఎందుకూ అని."

"కనిపించడానికే. చొక్కా కింద దాచుకుని తిరిగేవాణ్ణి చూసి భయపడండి. మీ వెనక చక్రంలో గాలి లేదు, ముందది చూసుకోండి."

ఆవిడ చూసుకుంది. నిజంగానే లేదు. థాంక్స్ చెప్పేలోపే వెర్లిన్ ట్రక్కు ఎక్కేశాడు. డెబ్బై రెండేళ్ల మనిషికి థాంక్సులతో పనిలేదు.

వయోమింగ్‌లోని ఆ ఊళ్లో అతని తుపాకిని ఎవరూ పట్టించుకోరు. తలమీద టోపీ, కాళ్లకు బూట్లు, నడుముకు అది. టపా ఆఫీసు ముందు మాత్రం ఒర విప్పి ట్రక్కులో పెట్టి తాళం వేస్తాడు. లోపలికి తేవద్దని అక్కడ రాసి ఉంది. రాసిన చోట రాసినట్టు నడుచుకోవాలి. కానీ ఉత్తరాల కోసం ప్రభుత్వం గుమ్మం తొక్కక తప్పదు. తిండి కోసం ఎవరి గుమ్మం ముందూ ఒర విప్పనక్కర్లేదు. ఆ మాట అతను అర్లీటా ముందే అన్నాడు.

అర్లీటాది ఊళ్లో ఉన్న ఒకే ఒక్క హోటలు. వసంతంలో ఒకరోజు ఆమె ఇనప రేకు మీద రాయించిన బోర్డు తెచ్చి అందరికీ చూపించింది. 'తుపాకులు లోపలికి తేవద్దు.' చూపించి, ఐసుపెట్టె వెనక గోడవైపు తిప్పి పెట్టింది.

"ఇక్కడికి పిల్లలొస్తారు. ఒక్క పొరపాటు జరిగిందా, ఇది తలుపెక్కుతుంది" అంది.

"ఎక్కిన రోజున నేను గుమ్మం దిగుతాను" అన్నాడు వెర్లిన్.

అన్నాడు గానీ, భార్య మేవిస్ పోయిన మూడేళ్లుగా అతని కడుపులో పడే వేడి తిండి అర్లీటా పెట్టే పొద్దుటి పళ్లెం ఒక్కటే. మిగతా రెండు పూటలూ డబ్బా తెరిచి చెంచాతో తింటాడు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. అతని ముందు ఎవరూ అనరు.

ఆ రోజు బంకు నుంచి హోటలుకి వెళ్లేసరికి బర్డెట్ కైమ్స్ అప్పుడే మరుగుదొడ్లోంచి వచ్చి బల్ల దగ్గర కూర్చుంటున్నాడు. ముప్ఫై ఏళ్ల స్నేహం. బర్డెట్‌కి మాటలెక్కువ. అతని నడుముకూ పిస్తోలుంటుంది, కొత్త రకంది.

"ఏరా, ఎవర్ని బెదిరించొచ్చావ్ పొద్దున్నే?"

"చక్రంలో గాలి లేనిదాన్ని."

"ఆడవాళ్లతో మాట్లాడుతున్నావన్నమాట! మంచిదే. నీ మొహానికి ఆ మాత్రం గాలి తగలాలి."

"నోర్మూసుకుని తిను."

అర్లీటా గుడ్లు, పంది మాంసం, వేయించిన బంగాళాదుంపలు తెచ్చి పెట్టింది. వెర్లిన్ రెండు ముద్దలు తిన్నాడో లేదో, బర్డెట్ పాకం సీసా కోసం బల్ల మీదికి వంగాడు. కోటు పైకి లేచింది. ఒర ఖాళీ.

వెర్లిన్‌కి వెంటనే అర్థమైంది. నడుముకు తుపాకి కట్టేవాడు మరుగుదొడ్లో కూర్చుంటే ఆ బరువుకు ప్యాంటు నేలకు జారుతుంది. తుపాకిని జారిన ప్యాంటులోనే, రెండు పాదాల మధ్య ఉంచుకోవాలి. అప్పుడు దాన్ని తీయకుండా లేవలేడు. బద్ధకస్తుడు తీసి, గోడకున్న టాయిలెట్ కాగితపు చుట్ట పెట్టె మీద పెడతాడు. లేచి చేతులు కడుక్కుని, దాన్ని మరిచి వచ్చేస్తాడు.

హోటలుకి ఉన్నది ఒకటే మరుగుదొడ్డి. తలుపు దగ్గరి బల్ల నుంచి ఐదేళ్ల పిల్ల కుర్చీ దిగి అటే పరుగెత్తింది. వెర్లిన్ లేచి, ఆ తలుపు మీద ముందు తన చెయ్యి వేశాడు.

"తల్లీ, నన్ను పోనీ. ముసలాణ్ణి."

"నాకూ అర్జెంటే తాతా!"

"నాది ఇంకా అర్జెంటు."

పిల్ల తల్లి నవ్వింది. వెర్లిన్ లోపలికెళ్లి గడియ వేశాడు. పెట్టె మీదే ఉంది. తూటాల మ్యాగజైను ఊడలాగాడు, గొట్టంలో ఇంకో తూటా ఉందేమోనని దులిపాడు. అరచేతిలో పడింది. అంటే తూటా ఎక్కించే ఉంది. పిస్తోలు జేబులో వేసుకుని బయటికొచ్చి పిల్లకి దారిచ్చాడు.

బర్డెట్ చెయ్యి అప్పటికే ఒరని తడుముతోంది. మొహం తెల్లబోయింది.

"దొరికిందా?" గొంతు తగ్గించి అడిగాడు. "బల్ల కిందనుంచి ఇచ్చెయ్. ఎవరూ చూళ్లేదు."

"నేను చూశాను."

"ఒరేయ్, నీ మంచికే చెబుతున్నా. ఆ బోర్డు ఎక్కితే పస్తుండేది నేను కాదు, నువ్వు. నా ఇంట్లో వండే మనిషుంది."

ఆ మాట అననే కూడదు. వెర్లిన్ ఒక్క క్షణం అతని వంక చూశాడు. పిల్ల చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. దాని చేతులు ఆ పెట్టె ఎత్తుకు సరిగ్గా అందుతాయి. వెర్లిన్ పిస్తోలూ మ్యాగజైనూ తూటా తీసుకెళ్లి అర్లీటా ముందు వరసగా పెట్టాడు.

"దొడ్లో దొరికింది. బర్డెట్‌ది. బోర్డు తియ్యి."

 పిల్ల తల్లి పిల్లని ఒళ్లోకి లాక్కుంది.

"నీ నోట్లో నువ్వే మన్ను కొట్టుకున్నావురా!" అన్నాడు బర్డెట్.

 అర్లీటా ఐసుపెట్టె వెనకనుంచి బోర్డు తెచ్చింది, స్క్రూలూ స్క్రూడ్రైవరూ తెచ్చింది. "పెద్దాయనా, తప్పు నీది కాదు. నీ ఒక్కడికీ..."

"బోర్డు మీది అక్షరాలకు నేను వేరు, వాడు వేరు కాదు అమ్మాయ్."

"పోనీ ట్రక్కులో పెట్టి రారాదూ? టపా ఆఫీసుకి పెడతావు కదా!"

"అక్కడికి పోక తప్పదు."

"ఇక్కడికి?"

 వెర్లిన్ ఆమె చేతిలోని బోర్డూ స్క్రూడ్రైవరూ తీసుకుని బయటికెళ్లి, తలుపు మూసి, బయటివైపు నిలబడి నాలుగు స్క్రూలూ తనే బిగించాడు. వంకర లేకుండా, గట్టిగా. తలుపు అద్దంలోంచి అతని పళ్లెం కనిపిస్తోంది, సగం నిండుగా. బర్డెట్ తల వంచుకున్నాడు. వెర్లిన్ వాడికోసం ఇంకో చూపు ఖర్చుపెట్టలేదు.

మెట్ల మీదికి ఒక పడుచు పశువులకాపరి వచ్చాడు. నడుముకు తుపాకి. బోర్డు చూసి ఆగిపోయాడు.

"ఇదెప్పుడు? ఏ వెధవ పెట్టాడు బాబాయ్ దీన్ని?"

"నేనే" అన్నాడు వెర్లిన్, స్క్రూడ్రైవరు అతని చేతికిచ్చి మెట్లు దిగుతూ. "నీది ట్రక్కులో పెట్టి, ఇది లోపల అర్లీటాకివ్వు. బంగాళాదుంపలు ఇవాళ బాగా వేగాయి."