నాలుగో తరగతిలో నాలుగు ఖాళీలు

ఆ ఆగస్టు మొదట్లో నా చేతిలో ఉన్నవి ఇవి: ఆదివారం సంతలో రెండు బల్లల చోటు, తొమ్మిదేళ్ళ కూతురు యరేలి, ఇంగ్లీషు కాగితాన్ని కూడబలుక్కుని చదివే ఓపిక, నేను చదివి చెప్పిందే నిజమని నమ్మే పదకొండు ఇళ్ళు. వీటిలో చివరిదే పెద్ద ఆస్తి అని అప్పటికి నాకు తెలియదు.

మేం మెక్సికోలోని ఒహాకా కొండల నుంచి కాలిఫోర్నియా ద్రాక్షతోటలకు కూలికి వచ్చినవాళ్ళం. ఇళ్ళలో మాట్లాడుకునేది మా కొండభాష మిష్టెకు. స్పానిష్ మాట్లాడేవాళ్ళు కొందరే, చదివేవాళ్ళు ఇంకా తక్కువ. నేను ఏడేళ్ళు ద్రాక్ష కోసి, నడుం పట్టేశాక చేతి తొడుగులు, కొమ్మలు కత్తిరించే కత్తెరలు, వెడల్పు టోపీలు అమ్మడం మొదలుపెట్టాను. కాగితం చదివించుకోవడానికి వచ్చినవాడు ఉత్త చేతులతో పోడు, ఒక జత తొడుగులైనా కొంటాడు. అందుకే ఎవరేది తెచ్చినా ఊరికే చదివిపెట్టేవాణ్ణి.

ఆ గురువారం బడి నుంచి అన్ని ఇళ్ళకూ ఒకే ఉత్తరం వచ్చింది. రెండు పేజీలు. మా పిల్లల బడి పరీక్షల్లో ఏటేటా వెనకబడుతోంది కాబట్టి చట్టం ప్రకారం తల్లిదండ్రులకు రెండు దారులున్నాయట. మొదటి పేజీలో ఒకటి: పిల్లను కాలవ అవతలి మంచి బడికి మార్చుకోవచ్చు, బస్సు వాళ్ళే పంపుతారు. రెండో పేజీలో రెండోది: పిల్లను ఉన్నచోటే ఉంచి సాయంత్రాలు ఉచితంగా ట్యూషన్ చెప్పించుకోవచ్చు. రెండిట్లో ఏదో ఒకటే. వచ్చే శుక్రవారంలోగా సంతకం చేసి పంపాలి.

సరుకు గురించి వాకబు చేయకుండా నేను కొనను. వెంటనే ఉత్తరం పంపిన ఆఫీసుకు ఫోన్ చేశాను.

"అవతలి బడి నాలుగో తరగతిలో నాలుగు ఖాళీలున్నాయండీ," అంది అక్కడి అమ్మాయి.

"ఎక్కువమంది అడిగితే?"

"అందరికంటే తక్కువ మార్కులొచ్చిన పిల్లలకి ముందు. చట్టంలో అలాగే ఉంది."

ఫోన్ పెట్టేసి లెక్క వేసుకున్నాను. పదకొండు ఇళ్ళలో నాలుగో తరగతికి వెళ్ళేవాళ్ళు ఐదుగురు. యరేలివి నడిమి మార్కులు. మిగతా నలుగురూ దానికంటే కిందే, వాళ్ళ మార్కుల కాగితాలు చదివిపెట్టిందీ నేనే. నలుగురూ అడిగారంటే నాలుగు ఖాళీలూ నిండిపోతాయి, నా కూతురు ఐదోదవుతుంది. సరుకు చవగ్గా దొరికే గోదాము దారి పక్క బల్లవాడికి చెప్పకూడదని సంతలో నేర్చుకున్నాను. ఆ నీతిని బడికి కూడా వర్తింపజేశాను.

ఆదివారం అందరికంటే ముందు ఒదీలియా వచ్చింది. యరేలికి చర్చిలో జ్ఞానస్నానమప్పుడు ఎత్తుకున్న జ్ఞానతల్లి ఆమె. ఆ వరసతో ఆమె నాకు కొమాద్రె, నేను ఆమెకు కొంపాద్రె. మాలో ఆ వరస తోడబుట్టిన వరస కంటే గట్టిది. ఆమె కూతురు నోయెమీకి నాలుగో తరగతికొచ్చినా ఒక్క వాక్యం చదవడం రాదు.

"ఏం కొంపాద్రె, కొన్నాక చదువుతావా, చదివాక అమ్ముతావా?" అంది నవ్వుతూ. "నీ తొడుగులు నెల తిరక్కుండానే చిరుగుతున్నాయి, ఆ సంగతి ముందు చెప్పు."

"తొడుగులది కాదు తప్పు. నీ చేతులకి రేకు చుట్టినా చిరుగుద్ది."

"అయితే రేకే అమ్ము, కొంటాను." ఉత్తరం ఇచ్చి గొంతు తగ్గించింది. "మా పిల్ల గురించేనా? తిట్టారా?"

"తిట్టలేదు. సాయంత్రాలు బళ్ళోనే ట్యూషన్ చెప్తారంట. సెంటు కూడా ఇవ్వక్కర్లేదు."

"మరి ఈ ముందు కాగితం? దీన్నిండా అక్షరాలే ఉన్నాయే."

"ఆఫీసువాళ్ళు వాళ్ళ గొప్పలు రాసుకున్నార్లే."

రెండో పేజీ అడుగున గీత చూపించాను. ఆమె పెన్ను బిగించి పట్టుకుని, నాలుక కొరుక్కుంటూ, తన పేరును బొమ్మ గీసినట్టు గీసింది. మధ్యాహ్నానికి మిగతా మూడిళ్ళవాళ్ళ చేతా అక్కడే సంతకం పెట్టించాను. నాది మాత్రం మొదటి పేజీ మీద పెట్టాను.

యరేలికి చోటు వచ్చింది. పసుపుపచ్చ బస్సు మా సందు చివర ఆగి దాన్నొక్కదాన్నే ఎక్కించుకుని పోయేది. అక్టోబరులో కొత్త బడి టీచరు తల్లిదండ్రులను పిలిస్తే ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను.

"యరేలి చురుకైన పిల్ల," అని ఆవిడ నా చేయి పట్టుకుని ఊపింది. "మీ వైపు నుంచి వస్తారని నాలుగు కుర్చీలు తీసి పెట్టాం. వచ్చిన దరఖాస్తు మీదొక్కటే. అక్కడివాళ్ళకి పిల్లల చదువంటే పట్టదనుకుంటా. మీలాంటి తండ్రులు అరుదండీ."

గదిలో వెనకవైపు మూడు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. వాటి మీద రంగు కాగితాల కట్టలు పేర్చి ఉన్నాయి. 'వాళ్ళకి పట్టక కాదు, నేను చెప్పలేదు' అనే మాట నా నోట్లోనే ఉంది. "థాంక్యూ" అన్నాను. ఒక బస్తా ఇంటికి తెచ్చుకోవడానికి మూడు బస్తాలు కాలవలో పారబోసిన వ్యాపారిని ఎక్కడా చూడలేదు. ఆ రోజు చూశాను.

నవంబరు చివర ఒదీలియా మా ఇంటికొచ్చింది, గిన్నెడు తమాలెలతో. మొక్కజొన్న పొత్తు పొరల్లో చుట్టి ఉడికించిన ఆ పిండి కుడుముల్లోంచి ఇంకా ఆవిరి వస్తోంది.

"ఎందుకివన్నీ కొమాద్రె?"

"మరి మా పిల్లకి పంతుల్ని కుదిర్చావు కదా."

"చదువుతోందా?"

"వాళ్ళిచ్చిన సంచి మీదున్న ట్యూషన్ కంపెనీ పేరు చదువుద్ది. లోపలి పుస్తకం రాదు." నవ్వబోయి మానేసింది. "ముగ్గురు పంతుళ్ళు మారారు. ఇచ్చిన గంటలు అయిపోయాయని మొన్నటితో ఆపేశారు. పోన్లే. ఇంకో దారి ఉంటే నువ్వు చెప్పకుండా ఉంటావా?"

నా భార్య ఒర్తెన్సియా నా వంక చూసింది. మొదటి పేజీ సంగతి దానికి తెలుసు. ఆ పూట తమాలె పొర విప్పి, మళ్ళీ చుట్టి గిన్నెలో పెట్టేశాను.

మర్నాడు మళ్ళీ ఆఫీసుకు ఫోన్ చేశాను. గడువు దాటిందన్నారు. అయితే కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి కాబట్టి, ఉత్తరం సంగతి సరిగా తెలియలేదని తల్లే రాసి సంతకం పెడితే జనవరి నుంచి చేర్చుకుంటామన్నారు. ఎందుకు తెలియలేదో ఆ కాగితంలో రాయాలి.

ఒదీలియా పేరు మీద నేనే రాశాను. "ఉత్తరం మాకు అందలేదు" అని రాశాను. నిజం చెప్పకుండానే పిల్లకు చోటు ఇప్పించవచ్చు, ఒదీలియాకు చదవడం రాదు గదా. అలా పథకం వేసుకునే ఆమె తలుపు తట్టాను.

ఒదీలియా చేతులు తుడుచుకుంటూ వచ్చి పెన్ను అందుకుంది. "ఎక్కడ పెట్టమంటావు?"

అది ఏం కాగితమో కూడా అడగలేదు.

"ఆగు కొమాద్రె. ముందు నా మాట విను," అన్నాను.

మొదటి పేజీ సంగతి, ఫోన్ సంగతి, ఖాళీ కుర్చీల సంగతి వరసగా చెప్పాను. నేలచూపులు చూస్తూనే చెప్పాను. ఆమె వేళ్ళు మడిచి లెక్కపెట్టింది.

"కుర్చీలు నాలుగు. మా పిల్లలు నలుగురు. నీ పిల్ల ఐదోది. అంతేనా?"

"అంతే."

"లెక్క బాగా చేశావు." పెన్ను మూత పెట్టి నా చేతికిచ్చింది. "నోయెమీ రోజూ అడుగుద్ది, యరేలి ఆ బస్సు ఎక్కుద్ది, నేనెందుకు ఎక్కనూ అని. 'నీకు బుర్ర తక్కువ, అందుకే' అని దానికి చెప్పాను. కన్నతల్లిని, నా నోటితోనే చెప్పాను."

ఆమె కాగితం తీసుకుని మడిచింది. "క్లినిక్‌లో పనిచేసే అమ్మాయి చేత చదివించుకుని అప్పుడు పెడతాను సంతకం."

"అందులో... ఉత్తరం అందలేదని రాశాను. అది తప్పు."

"అయితే ఆ అమ్మాయి చేతే వేరేది రాయిస్తాను. మిగతా మూడిళ్ళకీ నువ్వే వెళ్ళు. నేను చెప్తే చాడీలు మోసినట్టుంటుంది."

"వెళ్తాను కొమాద్రె."

"వెళ్ళిరండి, దోన్ సెలెరీనో."

దోన్ అని మేం తోట యజమానుల్ని అంటాం. పదిహేనేళ్ళలో ఆమె నన్ను మీరు అనడం అదే మొదలు.

మూడిళ్ళకూ వెళ్ళాను. ఒకచోట నా ముఖం మీదే తలుపు వేశారు. ఒకచోట ముసలమ్మ గడపలో ఉమ్మేసింది. మూడో ఇంట్లో రూపెర్తో మాత్రం కాఫీ ఇచ్చి, నేను తాగేదాకా పక్కన కూర్చుని, ఒక్క మాటా అనలేదు. తిట్టినవాళ్ళే నయమనిపించింది.

నలుగురూ అడిగారు. కుర్చీలు మూడే. మార్కులు మరీ తక్కువున్న ముగ్గురికి దొరికాయి, నోయెమీకి అందరికంటే ముందు. రూపెర్తో కూతురు మిగిలిపోయింది. యరేలిని వెనక్కి తెచ్చుకుంటే ఆ పిల్లకు చోటుండేది. ఒర్తెన్సియా ఆ మాట ఒకసారి అంది. నేను విననట్టు ఊరుకున్నాను. అది రెండోసారి అనలేదు.

ఇప్పుడు సంతలో నా బల్ల దగ్గరికి కాగితాలు రావు. తొడుగులు కొంటారు, డబ్బులిచ్చి వెళ్ళిపోతారు. ఒదీలియా యరేలిని దగ్గరికి తీసుకుని ముద్దు పెడుతుంది, నన్ను దోన్ అంటుంది. నోయెమీ వసంతానికల్లా బస్సు పక్కనున్న పేరు చదివిందని యరేలి చెప్పింది.

ఆ ఏడాది నాకు మిగిలిన లాభం ఒక కుర్చీ. అది రూపెర్తో కూతురిది.