రాత్రి షిఫ్టు ఇంట్లో జంపఖానా

చెప్పులు విప్పకుండా నా మీదికి రాకండి. నేను ఒక జంపఖానాను, అందులోనూ ఓరుగల్లు మగ్గం మీద పుట్టినదాన్ని. ఇప్పుడంటే అంచులు చీకిపోయి, నడుమ బొక్కలు పడి, ఎవరికీ కనబడకుండా ఒక పాత పరుపు కింద పడి ఉన్నాను గానీ, ఒకప్పుడు నా ఎర్ర పట్టీలనూ నల్ల పట్టీలనూ చూసి పెళ్లివారు కూడా ముచ్చటపడేవారు.

నన్ను నేసినాయన గుంటమగ్గంలో కాళ్లు జాపుకుని, నా ముఖాన బీడీ పొగ ఊదుతూ నేశాడు. మొదట నన్ను కొన్నవాడు షామియానాల సాయిలు. పెళ్లిళ్లకూ మీటింగులకూ అద్దెకు తిరిగాను. మనుషులు ఎంత మాట్లాడగలరో అప్పుడే తెలిసింది. సంబంధం ఖాయం చేసుకుని నా మీదే తాంబూలాలు పుచ్చుకున్నవాళ్లు, లేచి పంచె దులుపుకుంటూ ఆ సంబంధాన్నే తిట్టిపోసేవారు. ఒక పెళ్లిలో పప్పుచారు గంగాళం నా మీద బోర్లా పడింది. ఎంత ఉతికినా మరక వదలక సాయిలు నన్ను మూల పడేస్తే, ఆ పెళ్లిలో గాడిపొయ్యి దగ్గర సాయం చేసిన మొండయ్య అడిగి ఇంటికి తీసుకెళ్లాడు.

మొండయ్య బొగ్గుబాయిలో, అంటే బొగ్గు గనిలో, కార్మికుడు. కాలనీలో రెండు గదుల క్వార్టరు, భార్య సుగుణ, నలుగురు పిల్లలు. పెద్దది స్వరూప. దాని తర్వాత కవలలు ఓదెలు, రాయమల్లు. చివరిది చిట్టి. నన్ను ముందు గదిలో పరిచారు. పెళ్లిళ్ల గోల వినీ వినీ ఉన్న నాకు ఈ ఇల్లు హాయిగా ఉంటుందనుకున్నాను. ఉండకూడనంత హాయిగా ఉందని తర్వాత తెలిసింది.

సంగతేమిటంటే, మిగతావాళ్లు వారం వారం షిఫ్టు మారుతుంటే, మొండయ్య మాత్రం ఎండాకాలం సెలవులు రాగానే తోటివాళ్లను బతిమాలి రాత్రి షిఫ్టు వేయించుకునేవాడు. పిల్లలు పగలంతా ఇంట్లో ఉంటారు, తనూ పగలంతా ఇంట్లో ఉండవచ్చని ఆయన లెక్క. పొద్దున వచ్చి కాసేపు నడుం వాల్చి, మధ్యాహ్నం లేచి పిల్లలతో ఆడుకోవాలని ఆశ. ఇంత తెలివైన ఆలోచన తనకొక్కడికే వచ్చిందని మురిసిపోయాడు కూడా. పాపం, ఒళ్లు ఆయన మాట వింటేగా! రాత్రంతా బొగ్గు తవ్విన మనిషి లోపలి గదిలో పడుకుంటే పొద్దు వాలేదాకా లేచేవాడు కాదు. లేచేసరికి మళ్లీ డ్యూటీకి టైం అయ్యేది.

ఆ నిద్రకు సుగుణ కాపలా. పక్క క్వార్టరాయన నిద్రమత్తులో బొగ్గు మోసే టబ్బు బండ్ల నడుమ చెయ్యి పెట్టి వేళ్లు పోగొట్టుకున్నప్పటి నుంచి ఆమెకు ఒకటే భయం.

"సప్పుడు చేసిండ్రంటే సంపుత! మీ బాపుకు నిద్ర సాలకపోతే రేపు మనకెవరు దిక్కు?" అని పళ్లు బిగించి గుసగుసగా అనేది. గుసగుసగా తిట్టడం ఎంత కష్టమో ఆమెను చూస్తే తెలిసేది.

అలా ఆ నలుగురూ చప్పుడు లేకుండా సెలవులు గడపడం నేర్చుకున్నారు. పచ్చీసు ఆడితే గవ్వలు గచ్చు మీద కాదు, నా మీద వేసేవారు. పంట పడితే గెలిచినవాడు మునివేళ్ల మీద గంతులేసేవాడు. కొట్టుకుంటే వినబడుతుందని గిచ్చుకునేవారు. ఏడుపొస్తే మూతి నా మడతల్లో దూర్చేవారు, నవ్వొచ్చినా అంతే. ఒకసారి రాయమల్లు చేతిలోంచి స్టీలు గ్లాసు జారి గచ్చు మీద గిర్రున తిరుగుతుంటే, సుగుణ పరుగున వచ్చి దాని మీద బోర్లా పడింది.

"ఏందే అది?" లోపలి నుంచి మొండయ్య గొంతు.

"పిల్లి."

"మనింట్ల పిల్లేడిది?"

"పోయింది, పండుకో."

నలుగురూ నోళ్లు మూసుకుని కడుపులు పట్టుకున్నారు. నాకూ నవ్వొచ్చింది. అప్పట్లో ఇదంతా సరదాగానే ఉండేది మరి.

ఒకరోజు పొద్దున మొండయ్య డ్యూటీ నుంచి వస్తూనే, "ఇయ్యాల లేసినంక వాగుకు పోదాం బిడ్డా, ఈత నేర్పుత" అన్నాడు. పిల్లలకు అన్నం సహించలేదు. మధ్యాహ్నం కాకముందే తలకు తువ్వాళ్లు చుట్టుకుని నా మీద వరసగా కూర్చున్నారు. లోపలి తలుపు వంక చూస్తున్నారు. ఎవరూ పచ్చీసు మాట ఎత్తలేదు. కిటికీలో ఎండ ఒక గోడ మీంచి ఇంకో గోడకు పోయింది. సుగుణ రెండుసార్లు తలుపు దాకా వెళ్లి, లేపడానికి మనసొప్పక వెనక్కి వచ్చింది. మొండయ్య కళ్లు నులుముకుంటూ బయటికొచ్చేసరికి వీధిలో దీపాలు వెలుగుతున్నాయి.

తువ్వాళ్లతో కూర్చున్న పిల్లలను చూసి ఆయన తలుపు పట్టుకుని నిలబడిపోయాడు. "అయ్యో, నన్ను లేపకపోతిరి బిడ్డా?"

"లేపితే అవ్వ సంపుతది గద బాపూ" అంది చిట్టి, తల్లి మాటే అప్పజెప్పినట్టు. అలిగి అనలేదు, మామూలుగా అంది. దాంతో ఆయనకు ఇంకా కష్టమైంది. టిఫిన్ గిన్నె అందుకుని తల వంచుకుని డ్యూటీకి వెళ్లాడు. ఆ వాగుకు వాళ్లు ఎన్నడూ పోనేలేదు.

ఏళ్లు గడిచాయి. మొండయ్య మోకాళ్లు అరిగి బాయిలోకి దిగలేకపోతే, పైన, దిగేవాళ్లకు దీపాలందించే ల్యాంపు రూములో పని ఇచ్చారు. పగటి డ్యూటీ, రాత్రి నిద్ర. ఆ ఎండాకాలం సెలవు కూడా పెట్టాడు. కోల్పోయిందంతా ఒక్కసారే తెచ్చుకోవాలన్నంత ఉబలాటంతో, మొదటిరోజే వచ్చి పిల్లల నడుమ కూర్చున్నాడు. అప్పటికి స్వరూప పైటేసుకునే పిల్ల. మగపిల్లలకు గొంతు మారుతోంది.

ఆయన కూర్చోగానే ఆట ఆగింది. స్వరూప వేలు తనకు తెలియకుండానే పెదవుల మీదికి వెళ్లింది.

"నేను పండుకుంటలేను బిడ్డా. ఆడుండ్రి. ఎంత ఒర్రుతరో ఒర్రుండ్రి" అన్నాడు మొండయ్య.

వాళ్లు ఆడారు. గవ్వలను మెల్లగా జారవిడిచారు. పంట పడినా ఎవరూ కిక్కురుమనలేదు. ఆయన బాయిలోని వేళాకోళాలు చెప్పాడు. పళ్లు కనబడకుండా నవ్వారు. చివరికి ఏం తోచిందో, వంటింట్లోంచి పళ్లెమూ గరిటా తెచ్చి, "ఇగో, గిట్ల చెయ్యుండ్రి!" అని ధనాధనా మోగించాడు. నలుగురి చూపులూ ఒక్కసారే లోపలి గది వైపు తిరిగాయి. అక్కడ ఎవరూ లేరు. నిద్రపోయే మనిషి ఎదురుగానే కూర్చుని పళ్లెం కొడుతున్నాడు. అయినా చిట్టి బెదిరిపోయి మూతి నాలో దూర్చి ఏడ్చింది. పక్కనే ఉన్న తండ్రికి ఆ ఏడుపు వినబడలేదు. నాకు మాత్రం తడి తగిలింది. ఆయన పళ్లెం పక్కన పెట్టి, కాసేపు నా పట్టీలను వేలితో గీస్తూ కూర్చుని, లేచి వెళ్లాడు.

మర్నాడు సుగుణ నన్ను ఉతికి ఇంటి ముందు గోడ మీద ఆరేసింది. మొండయ్య బీడీలు తెచ్చుకుంటానని చెప్పి బయలుదేరాడు. గేటు పడిందో లేదో, లోపల ఇల్లు ఎగిరిపోయేంత గోల మొదలైంది. ఓదెలు అరుపులు, రాయమల్లు ఎకసెక్కాలు, చిట్టి కూతలు, వాటన్నిటి మీదా స్వరూప నవ్వు. ఆ పిల్ల అంత గట్టిగా, తెరలు తెరలుగా నవ్వుతుందని కన్నతండ్రికి తెలియదు.

నాలుగడుగులు వేసిన మొండయ్య ఆగిపోయాడు. వెనక్కి వచ్చి, కిటికీకి కనబడకుండా వంగి, గోడవారన నా పక్కగా మట్టిలో కూలబడ్డాడు. నడినెత్తిన ఎండ. మెడ మీద చెమటలు కారుతున్నా కదల్లేదు. చెవులు రిక్కించి, ఏ గొంతు ఎవరిదో పోల్చుకుంటూ కూర్చున్నాడు. ఆ నలుగురి మాటలకు ఆ మనిషి ఎంత మొహం వాచిపోయి ఉన్నాడో అప్పుడు అర్థమైంది. నాకు నోరుంటే బావుండుననిపించింది.

నన్ను తిరగేద్దామని వచ్చిన సుగుణ ఆయన్ను చూసి నిర్ఘాంతపోయింది.

"ఏందయ్యా, గీ ఎండల గిట్ల కూసున్నవు? లోపలికి రారాదు?"

"మెల్లగ మాట్లాడవే" అన్నాడు మొండయ్య, ఇంటి వైపు చూస్తూ. "నేను లేననుకుంటున్నరు."

సుగుణ ఆయన తల మీద నీడ పడేలా నా అంచును కిందికి లాగి, తలుపు చప్పుడు కాకుండా లోపలికి వెళ్లింది.